గుమస్తాని నోటిమాటతో తీసేశాం. లేబర్ ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. లాయర్ని తీసుకురావద్దంటున్నారు, నిజమేనా?

ఉప్పుడుబియ్యం
రామచంద్రపురం దగ్గర మాకు రైసు మిల్లు ఉంది. హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి నేను ఇక్కడికి వచ్చి ఏడాదిన్నర. మా గుమస్తాగారు 14 ఏళ్ళుగా ఉన్నారు. కాటా చీటీలు, గోడౌన్ లెక్క, లారీ లోడింగు అన్నీ ఆయన చేతి మీదే. జీతం నెలకి 16,000. కిందటి ఆగస్టులో, అంటే 2025లో, స్టాకు చూస్తే ధాన్యం నలభై బస్తాలు తేడా వచ్చింది. నాన్నగారు బస్తాలు మోసే జట్టువాళ్ళందరి ముందూ "రేపటి నుంచి రాకు" అనేశారు. ఆయన మారు మాట్లాడకుండా సైకిలు తీసుకుని వెళ్ళిపోయారు. కాగితం లేదు, డబ్బు లేదు.

సంక్రాంతి వెళ్ళిన వారానికి లేబర్ ఆఫీసు నుంచి చర్చలకు రమ్మని లెటర్ వచ్చింది. మా మామయ్య అమలాపురంలో లాయరు, గట్టు తగాదాలు, పార్టిషన్ సూట్లు చూస్తారు. "వెళ్ళకపోయినా ఏం కాదు" అంటున్నారు. ఆఫీసుకి ఫోన్ చేస్తే "లాయర్ని తేకూడదు, మీరే రండి" అన్నారు. టెన్షన్‌గా ఉంది. లాయరు లేకుండా వెళ్ళడమేమిటి? యాజమాన్యాల తరఫున లేబర్ కేసులే చూసేవాళ్ళు మన గోదావరి జిల్లాల్లో ఉన్నారా?

పూతరేకు
మామయ్య ఫీజు తీసుకోరు కదా, సలహా కూడా దానికి తగ్గట్టే ఉంది.

రొయ్యల_రాజు
వెళ్ళండి. తప్పకుండా వెళ్ళండి. భీమవరం దగ్గర మా ప్లాంటుకి ఇలాగే మూడు కాగితాలొస్తే మూడూ ఫైల్లో పెట్టి మర్చిపోయాను. చర్చలు ఫెయిలయ్యాయని రాసుకున్నారు, ఆ మనిషి లేబర్ కోర్టుకి వెళ్ళాడు, అక్కడికీ నేను వెళ్ళలేదు, ఎక్స్‌పార్టీ అవార్డు, అంటే నేను లేకుండానే తీర్పు. చివరికి భూమి శిస్తు బకాయి వసూలు చేసినట్టు రెవెన్యూ వాళ్ళు గేటు దగ్గరికి వచ్చారు. ఆ రోజు కొనుగోలుదారులు ప్లాంటు చూడడానికి వచ్చి ఉన్నారు. పరువు పోయింది.

జట్టు_మేస్త్రి
14 ఏళ్ళు చేసిన మనిషిని నలుగురి ముందూ పొమ్మంటే పరువు పోలేదా? ఆయన పరువుకి కాగితం రాలేదు, అంతే తేడా.

నల్లకోటు_కాకినాడ
నేను 19 ఏళ్ళుగా యాజమాన్యాల తరఫునే లేబర్ కేసులు చూస్తున్నాను. క్లయింట్లని వెతుక్కోవడానికి కాదు రాస్తున్నది, ఇక్కడ ఫోన్ నంబరు పెట్టను.

ఆఫీసువాళ్ళు చెప్పింది నిజమే. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం 36వ సెక్షను ప్రకారం కన్సిలియేషన్‌లో, అంటే లేబర్ ఆఫీసులో జరిగే రాజీ చర్చల్లో, లాయర్లకి ప్రవేశం లేదు, ఏ పక్షానికీ. లేబర్ కోర్టులో కూడా అవతలి పక్షం ఒప్పుకుని, కోర్టు అనుమతి ఇస్తేనే మేము నిలబడాలి. పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకుని వెనక గుమ్మం నుంచి వస్తామంటే కుదరదని 1976లో పారదీప్ పోర్టు ట్రస్టు కేసులో సుప్రీంకోర్టు చెప్పేసింది. మామూలుగా కార్మికుడు కూడా లాయర్ని పెట్టుకుంటాడు కాబట్టి మాకు దారి దొరుకుతుంది.

కన్సిలియేషన్‌కి మీరు వెళ్ళొచ్చు, మీ మేనేజరు వెళ్ళొచ్చు, మీరు సభ్యులైన మిల్లర్ల సంఘం ఆఫీస్ బేరర్ వెళ్ళొచ్చు. లాయరు పని ముందు రోజు రాత్రి అయిపోవాలి, మీ ఇంట్లో, మీ రిజిస్టర్లు ముందు పెట్టుకుని.

ఇక మామయ్యగారి సలహా. పెద్దాయన్ని ఏమీ అనను. కానీ గట్టు తగాదా పదేళ్ళు సాగితే గట్టు అక్కడే ఉంటుంది. ఇక్కడ సాగిన ప్రతి నెలకీ ఓ జీతం బకాయి పెరుగుతుంది.

ఉప్పుడుబియ్యం
ధన్యవాదాలండి. కొన్ని సందేహాలు. జీతాల పుస్తకంలో ఆయన్ని "మేనేజర్" అని రాశాం. మేనేజర్లకి ఈ చట్టం వర్తించదని మా ఆడిటరు అంటున్నారు. ఇంకోటి, మేము తీసేసినట్టు కాగితం లేదు కదా, ఆయనే మానేశారని చెప్పొచ్చు కదా అని నాన్నగారు అంటున్నారు.

కోనసీమ_కుర్రోడు
అందరి ముందూ అన్నారని పైన మీరే రాశారు. ఆ పోస్టు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను, గుమస్తాగారికి కావాలంటే ఇస్తాను. 😄

నల్లకోటు_కాకినాడ
కుర్రోడు గారు నవ్వుతూ అన్నా అసలు విషయం అదే.

మేనేజర్ సంగతి: పుస్తకంలో హోదా ఏమని రాశారో కోర్టు చూడదు, మనిషి రోజంతా ఏం చేశాడో చూస్తుంది. ఆయన ఎవరికైనా సెలవు ఇచ్చారా? ఎవరినైనా పనిలో పెట్టారా, తీసేశారా? చెక్కు మీద సంతకం పెట్టారా?

ఉప్పుడుబియ్యం
లేదండి. తన సెలవు కోసమే ఆయన నాన్నగారిని రెండుసార్లు అడిగేవారు.

నల్లకోటు_కాకినాడ
అయితే ఆయన మేనేజరు కాదు, రాత పని చేసే కార్మికుడే. సూపర్‌వైజర్లకి 10,000 జీతం దాటితే ఆ 1947 చట్టం వర్తించదన్న మాట ఒకటుంది, అది క్లర్కులకి లేదు.

ఆయనే మానేశాడని చెప్పడం అన్నిటికంటే ప్రమాదం. మానేసిన మనిషికి మీరు ఒక్క ఉత్తరమైనా రాశారా, పనిలోకి రమ్మని? ఐదు నెలలు రాయలేదు. 14 ఏళ్ళు పనిచేసిన మనిషి చెప్పకుండా మాయమైతే ఏ యజమానీ ఊరుకోడు. జడ్జిగారు మొదట అడిగేది ఇదే.

లెక్క చెప్తాను, నాన్నగారికి చూపించండి. తీసేసిన రోజుకి ముందు పన్నెండు నెలల్లో 240 రోజులు పనిచేస్తే చాలు, నెల నోటీసు లేదా నెల జీతం, ఏడాదికి పదిహేను రోజుల చొప్పున పరిహారం ఇవ్వకుండా తీసేస్తే ఆ తీసివేత చెల్లదు. మీ కేసులో నోటీసు జీతం 16,000. పరిహారం సుమారు 1,12,000. ఇవి కాక గ్రాట్యుటీ, 16,000ని 26తో భాగించి 15తో, 14తో హెచ్చిస్తే 1,29,231. మొత్తం రెండున్నర లక్షల పైమాట. ఇదంతా సవ్యంగా, ఆ రోజే ఇచ్చి పంపితే. ఇవ్వలేదు కాబట్టి ఆయన అడగబోయేది మళ్ళీ ఉద్యోగం, అన్ని నెలల జీతం. 2013లో సుప్రీంకోర్టు తేల్చిన దీపాలీ గుండు కేసు నుంచి తీసివేత తప్పని తేలితే వెనకటి జీతం ఇవ్వడమే మామూలు పద్ధతి.

పీఎఫ్_బాధితుడు
ఇందులో పీఎఫ్ ఎక్కడా రాలేదేమిటి? నాకు 7ఏ ఎంక్వైరీ, అంటే పీఎఫ్ బకాయి తేల్చే విచారణ, అయింది. తెలిసినవాడు కదా అని కాంట్రాక్టర్ని నమ్మాను. వాడు పదిహేడు మందికి పీఎఫ్ కట్టలేదు, రెండేళ్ళ తర్వాత ఫోన్ స్విచ్ఛాఫ్. ఆఫీసులో "పని మీ గేటు లోపల జరిగింది కదా" అన్నారు. అసలు, దాని మీద 12 శాతం వడ్డీ, ఇంకా డ్యామేజీలు. నా లాయరు చేసిన మంచి పని ఒక్కటే, అప్పీలుకి అరవై రోజులు దాటకుండా చూడడం.

రొయ్యల_రాజు
పీఎఫ్ బాధితుడు గారూ, మనిద్దరి కాంట్రాక్టరూ ఒక్కడేనేమో. రొయ్య ఒలిచే ఆడవాళ్ళని మా దగ్గరికి పంపిన ఆయన కూడా స్విచ్ఛాఫే.

కడియం_మొక్క
నర్సరీల్లో ఈ గొడవ ఉండదనుకుంటారు. మొక్కల లోడింగ్‌కి వచ్చేవాళ్ళు ఎవరి మనుషులో దేవుడికే తెలియాలి. ఉదయం మా దగ్గర, మధ్యాహ్నం పక్క నర్సరీలో.

జట్టు_మేస్త్రి
మా సంగతీ అడుగుతాను, నల్లకోటు గారు ఏమంటారో చూద్దాం. బస్తా లెక్కన కూలి తీసుకుంటాం. ముప్ఫై ఏళ్ళు ఒకే మిల్లులో మోసినా "మీరు మా వాళ్ళు కాదు" అంటారు.

నల్లకోటు_కాకినాడ
మేస్త్రి గారూ, యాజమాన్యం లాయరుగా చెప్తే నా మీద నమ్మకం ఉండదు గానీ, మీ కోసం 1976లోనే మన రాష్ట్రంలో ముఠా, జట్టు, హమాలీల పేరు పెట్టి చట్టం చేశారు. ఒకే మిల్లు, మిల్లు చెప్పిన వేళ, మిల్లు చెప్పిన పని అయితే బస్తా లెక్కన కూలి ఇచ్చినంత మాత్రాన "మా వాళ్ళు కాదు" అన్నది నిలబడదు. నా క్లయింట్లకీ ఇదే చెప్తాను. వాళ్ళకి నచ్చదు.

గుమస్తాగారి_అబ్బాయి
ఇంతసేపు చదువుతూ ఊరుకున్నాను. మా నాన్న తాడేపల్లిగూడెం వైపు ఒక మిల్లులో 22 ఏళ్ళు రాత పని చేశారు. ఇలాగే నోటిమాటతో పంపేశారు. కేసు వేస్తే వాళ్ళ లాయరు తొమ్మిదేళ్ళు సాగదీశాడు. ఓ వాయిదాకి జ్వరం, ఓ వాయిదాకి ఫైలు దొరకలేదు, ఓ వాయిదాకి పెళ్ళి. నాన్న ప్రతి వాయిదాకీ తెల్ల చొక్కా ఉతికించుకుని, తెల్లవారుజామున బస్సెక్కి వెళ్ళేవారు. అవార్డు వచ్చేటప్పటికి ఆయన లేరు. డబ్బు వచ్చింది, అమ్మ ఆ చెక్కు రెండు నెలలు బీరువాలోనే ఉంచింది. ఇక్కడ "మంచి యాజమాన్యం లాయర్" అని మాట్లాడుకుంటుంటే నవ్వొస్తోంది. మీ వృత్తే అది కదా, మనిషి అలిసిపోయేదాకా సాగదీయడం.

లంక_గాలి
దీనికి సమాధానం కావాలి నల్లకోటు గారూ.

నల్లకోటు_కాకినాడ
చెప్తాను. మొదటి ఐదారేళ్ళు నేనూ అదే చేశాను. సీనియర్ దగ్గర నేర్చుకున్నదే అది: వాయిదా అడుగు, సాక్షిని ఆలస్యంగా పెట్టు, అవతలివాడు విసిగిపోయి తక్కువకి ఒప్పుకుంటాడు. చాలామంది ఒప్పుకున్నారు కూడా. దాన్ని అప్పుడు గెలుపని రాసుకున్నాను.

మారింది మంచితనం వల్ల అని చెప్పను. లెక్కల వల్ల. తొమ్మిదేళ్ళు సాగి ఓడిపోతే తొమ్మిదేళ్ళ జీతం. హైకోర్టుకి వెళ్తే అదే చట్టం 17బి సెక్షను కింద, తనకి వేరే ఉపాధి లేదని కార్మికుడు అఫిడవిట్ వేస్తే, కేసు తేలేదాకా చివరిసారి తీసుకున్న జీతం నెలనెలా ఇవ్వాలి, ఇంట్లో కూర్చున్న మనిషికి. ఒక క్లయింటు నా ముందే కాలిక్యులేటర్ నొక్కి "ఇందులో సగానికి మొదటి రోజే తేలిపోయేది, మీరెందుకు చెప్పలేదు" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

మీ నాన్నగారి విషయంలో నేను చెప్పగలిగింది ఏమీ లేదు. అలాంటి తెల్ల చొక్కాలని నేనూ చూశాను, అవతలి వైపు నుంచి.

గుమస్తాగారి_అబ్బాయి
సరే. ఇంతకంటే నాకూ అడగడానికి ఏమీ లేదు.

ఉప్పుడుబియ్యం
ఏం రాయాలో తోచలేదు, రెండు రోజులు ఆగాను. రిజిస్టర్లు తీశాను. హాజరు పుస్తకం గుమస్తాగారి చేతిరాతే, పెన్సిలుతో గీతలు గీసి, పెన్నుతో టిక్కులు. తీసేసే ముందు పన్నెండు నెలలు లెక్కపెట్టాను, 311 రోజులు. ఇంకో పుస్తకం కూడా ఉంది, ఇన్‌స్పెక్షన్ కోసం ఆడిటరు దగ్గర కుర్రాడు రాసింది. శుభ్రంగా ఉంది, అట్ట కూడా వేసి ఉంది. అందులో ఆయన హాజరు 190 రోజులే. మామయ్య దాన్నే దాఖలు చేద్దామంటున్నారు.

నల్లకోటు_కాకినాడ
ఆ శుభ్రమైన పుస్తకంలో ఏప్రిల్, జూన్ పేజీలు ఒకసారి చూడండి.

ఉప్పుడుబియ్యం
చూశాను. జూన్ 31న అందరూ హాజరు.

పూతరేకు
😂😂 కష్టపడే మిల్లు అండీ. లేని రోజు కూడా పనిచేశారు.

కోనసీమ_కుర్రోడు
జూన్ 31కి ఓవర్‌టైం ఇచ్చారా?

పీఎఫ్_బాధితుడు
ఆ ఆడిటర్ కుర్రాడిది ఏ ఊరండీ? మా పుస్తకంలో ఫిబ్రవరి 30 ఉంది.

నల్లకోటు_కాకినాడ
నవ్వులు అయ్యాక వినండి. ఒకే ఇంకు, ఒకే చేతిరాత, నలిగిన మూల ఒక్కటి లేదు. అలాంటి పుస్తకం బల్ల మీద పెడితే మీ నిజమైన పుస్తకాన్ని కూడా ఎవరూ నమ్మరు. ఎక్కడా దాఖలు చేయకండి. పెన్సిలు గీతల పుస్తకం జాగ్రత్తగా పెట్టుకోండి, ఓడించినా అదే మంచిది.

కాటా_చీటీ
కేసుల సంగతి నాకు తెలియదు, మండపేట వైపు ముప్ఫై ఏళ్ళు మిల్లు నడిపాను. ఆ నలభై బస్తాల సంగతి ఎవరూ అడగలేదేం? బాబూ, బస్తాలు లెక్కపెట్టారా, బరువు కట్టి, బస్తాకి 75 కిలోల లెక్కన, 75తో భాగించారా? కొన్నది ఎప్పుడు, ఎంత తేమతో?

ఉప్పుడుబియ్యం
దాళ్వా (రెండో పంట) ధాన్యం, ఏప్రిల్ ఆఖర్లో కొన్నాం. 17 శాతం తేమ. మొత్తం 2,400 బస్తాలు. ఆగస్టులో కాటా వేసి 75తో భాగించాం, లెక్కపెట్టలేదు.

కాటా_చీటీ
అనుకున్నాను. 2,400 బస్తాలంటే 1,80,000 కిలోలు. 17 శాతం తేమ ఉన్న ధాన్యం ఎండలు దాటి పదిహేనున్నరకి దిగితే బరువు మూడు వేల కిలోల పైనే తగ్గుతుంది. 75తో భాగించుకో. నలభై రెండు బస్తాలు. మీ గుమస్తా నలభైకే ఆపాడంటే గోడౌన్ బాగా చూసుకున్నాడన్నమాట.

లంక_గాలి
అబ్బ.

జట్టు_మేస్త్రి
ఆ రోజు అక్కడున్న జట్టువాళ్ళలో ఎవరిని అడిగినా ఇదే చెప్పేవాళ్ళు. ఎవరూ అడిగి ఉండరు.

నల్లకోటు_కాకినాడ
కాటా చీటీ గారు ఉచితంగా చెప్పింది నేను ఫీజు తీసుకుని కూడా చెప్పలేకపోయేవాడిని.

తీసేసే ముందు ఎంక్వైరీ అంటే చాలామంది యజమానులకి వెటకారం. "పట్టుబడ్డాడు కదా, ఇంకా ఎంక్వైరీ ఏమిటి" అంటారు. ఛార్జిషీటులో "నలభై బస్తాలు తగ్గాయి, సంజాయిషీ ఇవ్వండి" అని రాసి ఇచ్చుంటే ఆ పెద్దమనిషి రెండు లైన్లలో తేమ సంగతి రాసేవాడు. అక్కడితో అయిపోయేది. ఎంక్వైరీ చేసేవాడు యజమాని బావమరిది కాకూడదు, సాక్షుల్ని ప్రశ్నించే అవకాశం ఇవ్వాలి, అంతకుమించి బ్రహ్మవిద్య కాదు. తప్పు నిజంగా చేసినా, శిక్ష మరీ ఎక్కువైందనిపిస్తే అదే చట్టం 11ఏ సెక్షను కింద కోర్టు తగ్గించగలదు. ఇక్కడ తప్పే లేదు.

ఉప్పుడుబియ్యం గారూ, చర్చలకి వెళ్ళి రాతపూర్వకంగా ఒకే మాట చెప్పండి: పనిలోకి రండి, సర్వీసు తెగలేదు. వెనకటి జీతం ఎంతన్నది అక్కడ కూర్చుని మాట్లాడుకోండి. ఒప్పందం ఆఫీసర్ ముందే రాయించండి, మిల్లులో కాదు. ఆయన వద్దని డబ్బు అడిగితే గ్రాట్యుటీ వేరే లైనులో రాయండి. "ఫుల్ అండ్ ఫైనల్" అని సంతకం పెట్టించుకున్నా గ్రాట్యుటీ పోదు.

కడియం_మొక్క
కొత్త లేబర్ కోడ్‌లు వచ్చాయి కదా, ఇవన్నీ మారలేదా?

నల్లకోటు_కాకినాడ
2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి. వీళ్ళ కేసు ఆగస్టుది కాబట్టి పాత చట్టం మీదే మాట్లాడాను. ఇకముందు అందరికీ అపాయింట్‌మెంట్ లెటరు ఇవ్వాలి, తీసేసినా మానేసినా రెండు పనిదినాల్లో జీతం లెక్క తేల్చాలి, తీసేస్తే కేసు వేయడానికి మూడేళ్ళ గడువు రెండేళ్ళయింది. "కోడ్ వచ్చింది, ఇక ఎవరినైనా తీసేయొచ్చు" అని వాట్సాప్‌లో తిరుగుతోంది. నమ్మి తీసేసినవాళ్ళు ఇద్దరు ఈ నెలలో నా దగ్గరికి వచ్చారు.

ఉప్పుడుబియ్యం
అప్‌డేట్. రెండు వాయిదాలు అయ్యాయి. మొదటిదానికి నేనొక్కడినే వెళ్ళాను. గుమస్తాగారు బెంచీ మీద ఆ చివర కూర్చున్నారు, నేను ఈ చివర. తేమ లెక్క కాగితం మీద వేసి చూపించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చూసి, "గోనె సంచి బరువు తీయడం మర్చిపోయారు" అన్నారు.

రెండోదానికి నాన్నగారిని తీసుకెళ్ళాను. ఆయన ఏమీ మాట్లాడలేదు, సంతకం మాత్రం పెట్టారు. తిరిగి పనిలోకి, సర్వీసు తెగకుండా, ఖాళీగా ఉన్న నెలలకి సగం జీతం. ఆఫీసర్ ముందే రాసుకున్నాం. మామయ్యకి కోపం వచ్చింది.

సోమవారం నుంచి ఆయన వస్తున్నారు. నాన్నగారితో మాటల్లేవు. లోడు వస్తే ఆయన చీటీ రాసి నాకిస్తారు, నేను నాన్నగారికి ఇస్తాను, నాన్నగారు వెనక ఏదో రాసి నాకిస్తారు, నేను పట్టుకెళ్ళి ఆయనకిస్తాను. ఇద్దరి బల్లల మధ్య పది అడుగులు.

రొయ్యల_రాజు
హైదరాబాద్ ఉద్యోగం మానేసింది ఇందుకన్నమాట.

నల్లకోటు_కాకినాడ
ఆ చీటీలు పారేయకండి. తేదీ వేసి దాచండి.

పూతరేకు
జూన్ 31 మాత్రం వేయకండి.